ఖాళీ పెట్టెలో తడి

ముందు చక్రం చప్పుడు వినిపించింది. నేలమాళిగ మెట్లు దిగుతుంటేనే, రేకు డబ్బాలో చిక్కుకున్న తుమ్మెద రొదలా, సన్నగా, ఎక్కడా తెగకుండా. నడవాలో దీపాలు తక్కువ. ఉన్న ఆ కాస్త వెలుతురూ రొదకు వణుకుతున్నట్టు ఉంది. చివర ఒక మూసిన తలుపు. దాని వెనక ఆమె ఉంటుందనుకుని తట్టడానికి చెయ్యెత్తాను.

"ఆ తలుపు తెరిస్తే గంట పని బూడిదలో పోసినట్టే," అంది వెనకనుంచి ఒక గొంతు.

పక్కగది గుమ్మంలో ఒక పొట్టి మనిషి. రెండు చేతులకూ మందపాటి గుడ్డ తొడుగులు, చేతుల్లో ఇనుప పళ్ళెం, పళ్ళెం నిండా ఇప్పుడే పొయ్యిలోంచి తీసిన నీలం గింజలు. ఆకాశం విరిగి ముక్కలై వేగినట్టున్నాయి. జుట్టు నెత్తిమీద చిన్న ముడి. పై అంతస్తుల్లో ఆమెను గుండుసూది అంటారని ముందే చెప్పారు. తల చిన్నది, మొన పెద్దది అట.

నెలాఖరుకు ఆమె ఉద్యోగం ముగుస్తుంది. వెళ్ళిపోయేవాళ్ళ గురించి సంస్థ ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తుంది, అందుకు వచ్చానని చెప్పాను. పాత పుస్తకాలు తను చూశానంది. అందులో ప్రతివాళ్ళూ సౌమ్యులే, ప్రతివాళ్ళూ మితభాషులేనట. సంస్థలో ఇన్నాళ్ళూ ఇంతమంది సౌమ్యులుంటే మరి మెట్ల మీద రోజూ కొట్లాడుకున్నది ఎవరో తనకు అర్థం కాలేదట. తన గురించి అలా రాస్తే పేజీ చించేస్తానంది. ఆ చిన్న గదిలో కుర్చీ ఒక్కటే. దాని మీద పళ్ళెం పెట్టింది. నేను నిలబడే రాసుకున్నాను.

రొద వస్తున్న గదిలో ఆమె పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. ఇప్పుడు ఆ గుమ్మం దాటడానికి ఆమెకు అనుమతి లేదు. పద్నాలుగు నెలలుగా ఇక్కడ గింజలు ఆరబెడుతుంది, డబ్బాలకు చీటీలు అతికిస్తుంది. ఎందుకిలా అయిందో చెప్పడానికి నాలుగుసార్లు రమ్మంది. నాలుగుసార్లూ విసుక్కుంది.

చదువు మధ్యలో ఆపేసి చిప్పులు అతికే ఫ్యాక్టరీలో చేరింది, పద్దెనిమిదేళ్ళకు. సూక్ష్మదర్శినిలో చూస్తూ, ఊపిరి బిగబట్టి, తలవెంట్రుకలో మూడోవంతు మందం ఉన్న తీగను సిలికాన్ ముక్క మీద అతకడం పని. గుండె కొట్టుకోవడానికీ మళ్ళీ కొట్టుకోవడానికీ మధ్య ఒక నిశ్శబ్దం ఉంటుందట, అతుకు అక్కడ వెయ్యాలట. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ సంస్థలో టెక్నీషియన్‌గా కుదిరింది. మధ్యలో ఒక పెళ్ళి జరిగింది. దాని గురించి ఒక్క మాటే చెప్పింది: "అది మూడేళ్ళు నిలిచింది. ఆ గది బల్లకు నేను వేసిన మొదటి అతుకు తొమ్మిదేళ్ళయినా ఊడలేదు."

ఆ అతుకు లోపలి గదిలోనే, కొలతలు తీసే బల్ల మీద ఉంది. వెలుతురుకీ రేడియోకీ మధ్య ఒక సందు ఉందని, ఎవరూ పెద్దగా నడవని ఆ సందులో ఉండే అలను టెరాహెర్ట్జ్ అంటారని ఆమె చెప్పింది. సెకనుకు లక్ష కోట్ల సార్లు ఊగుతుంది. కంటికి కనబడదు, ఒంటికి తెలియదు. కాగితంలోంచి, గుడ్డలోంచి, ప్లాస్టిక్‌లోంచి ఇంట్లో మనిషిలా నడిచిపోతుంది. నీటి దగ్గర మాత్రం ఓడిపోతుంది. చెమటా, ఊపిరీ, గాలిలో తడీ, ఏదైనా సరే దాన్ని తాగేస్తుంది.

మందుల కంపెనీలు పరీక్షకు పంపే మాత్రను నూరి, పాలిథీన్ పొడిలో కలిపి, బిళ్ళగా అదిమి, మూసిన పెట్టెలో ఆ అల దారికి అడ్డంగా పెడతారు. పళ్ళున్న చక్రం ఒకటి తిరుగుతూ అలను ముక్కలు ముక్కలుగా కోస్తుంది, గదిలో ఉన్న వేడినుంచి దాన్ని విడిగా గుర్తుపట్టడానికి. అవతలి పక్క దాన్ని పట్టుకునేది ఆమె తీగ అతికిన ఒక సిలికాన్ ట్రాన్సిస్టర్. ఫోన్లలో కోట్లకొద్దీ ఉండేలాంటిదే. అంత జోరుకు అది తెరుచుకోనూలేదు, మూసుకోనూలేదు. కానీ ఆ తోపులాటలో ఒక పక్కకు వెంట్రుకవాసి ఎక్కువ ఒరుగుతుంది. ఆ ఒరుగునే కొలుస్తారు. అల జోరును మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోతే కాగితం మీద ఒక గీత సాగుతుంది. బిళ్ళ ఎక్కడ తాగితే గీత అక్కడ పల్లంలోకి దిగుతుంది. ఏ పదార్థానికి ఆ పదార్థం పల్లాలే ఉంటాయి.

గాలిలో తడి ఈ లెక్కలో దూరకుండా పెట్టెలోకి పొడిగాలి పంపుతారు. ఆ గాలి గాజుగొట్టంలో ఉన్న, తడి పీల్చే ఈ నీలం గింజల మధ్యనుంచి వస్తుంది. గింజలు నీలంగా ఉన్నంతసేపు గాలి పొడిది. తడి తాగి తాగి గులాబి రంగుకు తిరిగితే ఇక వాటివల్ల కాదని అర్థం. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. చక్రం తిప్పేముందు గొట్టం చూడాలి. పుస్తకంలో మొదటి గడిలో గింజల రంగు రాయాలి. ఆ తరవాతే మిగతావి. ఆ గడి నింపకుండా చక్రం తిప్పిన పెద్ద చదువులవాళ్ళను ఆమె గదిలోంచి గెంటిన కథలు పైన ఇంకా చెప్పుకుంటారు.

ఇక ఆమె మరిది.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. చెల్లెలి భర్త ఒక మందుల కంపెనీలో స్టోర్‌కీపర్. మొదట్లో వదినా వదినా అని వెనకే తిరిగేవాడట. ఆరేళ్ళ కిందట అక్కాచెల్లెళ్ళ అమ్మకు జబ్బు ముదిరితే, ఆస్పత్రికి దగ్గరని తన ఇంటికి తీసుకెళ్ళాడు. నాలుగోరోజు పొద్దున పదకొండింటికి ఆ తల్లి పోయింది. బల్ల గదిలోకి ఫోన్లు తేకూడదు, కొలత చెదురుతుందని గుమ్మం పక్క రేకు పెట్టెలో వదిలి వెళ్ళాలి. ఆమె మూడింటికి బయటికి వచ్చి ఫోన్ తీసింది. అప్పటికి నాలుగు గంటలుగా ఆమెకు అమ్మ లేదు, ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఆఫీసుకు రెండుసార్లు చేశాను, పనిలో ఉందన్నారు అంటాడు మరిది. పావుగంట బస్సు ప్రయాణం, వచ్చి తలుపు కొట్టలేకపోయాడా అంటుంది ఆమె. అంతటితో ఆగితే ఎప్పటికో చల్లారేది. కానీ ఏడుస్తున్న ఇంట్లో, నలుగురు చుట్టాల ముందు, అతను ఒక మాటన్నాడు: "మా వదినకు యంత్రాలుంటే చాలు, మనుషులెందుకు?"

అప్పటినుంచి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఎదురైతే ఒకరు గోడవైపు, ఒకరు వీధివైపు. చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఈమె వంటింట్లోనే ఉంటుంది, అతను ముందుగదిలో పేపరు తిరగేస్తూ ఉంటాడు. మధ్యలో చెల్లెలు రెండు ఊళ్ళ మధ్య తిరిగే బస్సులా తిరుగుతుంది. ఉప్పు ఎక్కువైందని అతను అంటే, ఎవరి నోటికి ఏది ఎక్కువో తనకు తెలుసని ఈమె అంటుంది. రెండు మాటలూ చెల్లెలికే చెబుతారు.

రెండేళ్ళ కిందట అదే కంపెనీనుంచి అయిదు పొట్లాలు వచ్చాయి, అయిదు గోడౌన్లనుంచి. మూర్ఛకు వాడే మాత్రలు. తడి చేరితే ఆ మందు లోపల లోపలే రాయిలా బిగుసుకుంటుంది, మింగినా వేళకు కరగదు. మాత్ర వేసుకున్నా ఫిట్స్ వచ్చాయని కొందరు రోగులు గొడవపెట్టారు. ఎక్కడ తడిసిందో తేల్చమని పంపారు. పొట్లాల మీద గోడౌన్ నంబరు తప్ప ఏమీ లేదు. మూడో నంబరు ఎవరిదో ఆమెకు తెలుసు.

నాలుగు పొట్లాలు పొద్దుటినుంచి వరసగా చూసింది. పొడిగానే ఉన్నాయి. మర్నాటికే రిపోర్టు కావాలన్నారని పెద్ద పెద్ద మెట్లతో కొలిచింది. తప్పేమీ కాదు. ఎక్కడైనా పల్లం కనిపిస్తే వెనక్కి వచ్చి అదే చోట చిన్న మెట్లతో మళ్ళీ నడవాలి, అంతే. మూడో నంబరును చివరకు మిగిల్చింది. ఎందుకు మిగిల్చావని నేను అడగలేదు, ఆమే చెప్పింది: ఇష్టమైన ముక్కను ఆఖరికి ఉంచుకున్నట్టు.

మధ్యాహ్నం రెండు దాటింది. బిళ్ళ పెట్టింది. చక్రం తిప్పింది. గీత సాగి సాగి, తడిసిన మందు పల్లం ఉండాల్సిన చోటే దిగింది. లోతుగా, కళ్ళు తిప్పుకోలేనంత అందంగా.

"కడుపు నిండింది," అంది నాతో. "అమ్మ పోయాక అంత ఆకలి తీరింది ఆ రోజే."

వెనక్కి వెళ్ళి చిన్న మెట్లతో కొలవలేదు. సంతకం పెట్టి రిపోర్టు పైకి పంపింది.

కంపెనీ మరిదిని పనిలోంచి పక్కన పెట్టింది. మూడు వారాల్లో విచారణ. మందును నిర్లక్ష్యంగా తడవనిచ్చాడని తేలితే ఉద్యోగం పోతుంది. అది కాగితాల మీదికి ఎక్కితే ఇక ఏ స్టోర్ తాళమూ అతని చేతికి రాదు. అప్పటికి అతనికి యాభై ఒకటి. చేతికి వచ్చిన పని అదొక్కటే.

చెల్లెలు బస్‌షెల్టర్ దగ్గర కాపు కాసింది. కప్పు ఎప్పుడూ కారలేదని, తడి కొలిచే మీటరు రోజూ రాసి పెట్టాడని, అన్నం సయించడం లేదని చెప్పుకొచ్చింది. ఈమె విన్నదంతా విని, మీ ఆయన నోరు ఎటైనా తిరుగుతుందిగానీ బిళ్ళ నోరు తిరగదుగా అంది.

"అక్కా, కొలిచింది నువ్వేనా?"

"నేనే."

చెల్లెలు వచ్చిన బస్సు ఎక్కేసింది. అది వాళ్ళ ఇంటివైపు వెళ్ళే బస్సు కూడా కాదు.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం పెట్టె మూత రబ్బరు మార్చి, అంతా సరిగ్గా ఉందో లేదోనని లోపల ఏమీ పెట్టకుండా చక్రం తిప్పింది. గీత సాగింది. సాగి, అదే చోట పల్లంలోకి దిగింది.

పెట్టె ఖాళీ. బిళ్ళ లేదు, మందు లేదు, మరిది లేడు. అయినా తడి ఉంది.

తల తిప్పి గొట్టం చూసింది. పొద్దున నీలంగా పోసిన గింజలు మధ్యాహ్నానికే గులాబి రంగులో ఉన్నాయి.

ఆమె చెప్పింది రాసుకున్నది రాసుకున్నట్టు పెడుతున్నాను. తడిసిన మందు పల్లం వెడల్పుగా, నీళ్ళకుంటలా ఉంటుంది. గాలిలో ఆవిరి పల్లం కత్తితో గీరిన చీలికలా ఉంటుంది. రెండూ దాదాపు ఒకే చోట. చిన్న మెట్లతో నడిస్తే కుంట ఏదో చీలిక ఏదో చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. పెద్ద మెట్లతో నడిస్తే కాలు చీలికలో పడ్డా కుంటలో పడ్డా కాగితం మీద అదే గుంట.

పుస్తకం తీసి ఆ రోజు పేజీ తిప్పింది. పొద్దుటి నాలుగు వరసలకూ మొదటి గడిలో నీలం, నీలం, నీలం, నీలం. అయిదో వరసలో మొదటి గడి ఖాళీ. అన్నేళ్ళ పుస్తకాల్లో ఖాళీ గడి అదొక్కటే.

డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ నవ్వు మూతికి కుట్టించుకున్నాడని ఆమె అంటుంది. పాత బిళ్ళను మళ్ళీ కొలుస్తానంది. పది రోజులు సొరుగులో ఉన్న బిళ్ళ ఆరిపోయి ఉంటుంది, ఇప్పుడు పొడిగా వస్తే మాత్రం ఏం రుజువు అన్నాడు. అది నిజమే. అప్పుడు పాత గీతనే ఆయన ముందు పరిచింది. రిపోర్టులో మందుకు కావలసిన ముక్కే కోసి పెట్టారు. పుస్తకంలో గీత మొత్తం ఉంది. ఆవిరికి ఇంకో రెండు చోట్ల కూడా చీలికలుంటాయి, మందుకు అక్కడ పనే లేదు. ఆ రెండు చోట్లా గీత చిన్నగా తొట్రుపడింది. అంటే ఆ రోజు పెట్టెలో ఆవిరి ఉంది. బిళ్ళలో ఏముందో ఎవరికీ తెలియదు.

డైరెక్టరు పుస్తకం మూసి పక్కకు జరిపాడు. ఈ బల్ల మీద నమ్మకం పోతే గదికి తాళం పడుతుందన్నాడు. తరవాత గొంతు తగ్గించి, ఆత్మీయంగా అడిగాడట: "అయినా అతనికీ మీకూ మాటల్లేవుగా అమ్మా? మీకెందుకు ఈ తలనొప్పి?"

ఈ మాట చెబుతున్నప్పుడు ఆమె చేతుల్లోని చీటీ నలిగిపోయింది. తన పగను తను నాలుగేళ్ళు పెంచుకుందట, ఒంటరిగా. దాన్ని ఈ నవ్వుముఖంవాడు వచ్చి తన గది కాపాడుకోవడానికి అరువడిగాడట. ఒళ్ళంతా కారం పూసినట్టయిందంది.

ఆ కొలతను నమ్మొద్దని కంపెనీకి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి ఆయనకు ఇచ్చింది. అది ఆయన సొరుగులోనే ఉండిపోయింది. విచారణ రోజున సెలవు పెట్టి, పుస్తకం చంకలో పెట్టుకుని తనే వెళ్ళింది.

రెండో అంతస్తులో పొడుగాటి గది. బల్లకు అటువైపు ముగ్గురు అధికారులు, మధ్యలో గాజు కూజా, ఇటువైపు ఇస్త్రీ చొక్కాలో మరిది. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. అతని ముఖం చూస్తే తనను పూడ్చడానికి పార పట్టుకొచ్చిందని అనుకున్నాడని తెలిసిపోయిందట.

"ఈవిడను బయటికి పంపండి," అన్నాడు. "ఈవిడ మాట చెల్లదు. నేనంటే ఈవిడకు పగ. ఊరందరికీ తెలుసు."

మధ్యలో కూర్చున్నాయన ఆమెవైపు చూసి ఇది నిజమేనా అని అడిగాడు. బంధువు కొలిచిన కొలత అని అప్పటిదాకా వాళ్ళకు తెలియదు. కాదంటే బాగుండేది. పుస్తకం చూపించి, పొరపాటు జరిగిందని చెప్పి వెళ్ళిపోవచ్చు. పొరపాటుకు ఎవరూ పెద్దగా తిట్టరు.

"నిజమే," అంది. "పగ ఉంది. ఇంకెవరి గోడౌన్ అయినా రెండోసారి కొలిచేదాన్ని. ఇతనిది కాబట్టి కొలవలేదు."

మరిది నిలబడే ఉన్నాడు. పడిన కుర్చీని ఎత్తాలని ఎవరికీ తోచలేదు. ఆమె పుస్తకం తెరిచి ఖాళీ గడి మీద వేలు పెట్టింది. రెండు చీలికలూ చూపించింది. మూడో గోడౌన్‌నుంచి కొత్త పొట్లం తీసి, తను కానివాళ్ళ చేత, ఈ బల్ల కాని బల్ల మీద కొలిపించమంది. చెప్పాల్సింది అయిపోగానే మరిది ఇంకోసారి అన్నాడు, ఈసారి గొంతు పూర్తిగా లేవలేదు: "ఇప్పుడు నన్ను ఉద్ధరించడానికి వచ్చారా వదినగారూ?"

"నిన్ను కాదు. నా గీతను."

వేరేచోట కొలిచారు. మాత్రలు పొడిగానే ఉన్నాయి. తడి ఎక్కడ చేరిందో వేరేవాళ్ళు వెతుక్కున్నారు. మరిది తన తాళంచెవులు తను తీసుకున్నాడు. ఈమె మీద ఇక్కడ విచారణ మొదలై, నెలల తరబడి సాగి, చివరకు బల్ల గది గుమ్మం మూసేసింది. తెలియక చేసిన తప్పయితే మందలించి వదిలేవాళ్ళమని కాగితంలో రాశారు. ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. అందులో తప్పేమీ లేదని కూడా అంది.

ఆమె స్థానంలో వచ్చినాయన చక్రాన్ని రోజంతా తిప్పే ఉంచుతాడు, అవసరం ఉన్నా లేకపోయినా. బేరింగు అరుగుతుందని ఈ గోడ ఇవతలనుంచే ఆమెకు వినిపిస్తుంది. చెప్పదు. అడిగితే చెబుతుందట. పద్నాలుగు నెలల్లో ఆయన అడగలేదు.

మరిది కృతజ్ఞతలు చెప్పలేదు. పైపెచ్చు, వదిన ఇరికించాలని చూస్తే నిలబడి గెలిచానని కంపెనీలో చెప్పుకుంటున్నాడు. అందులో సగం నిజమేనని ఆమెకూ తెలుసు, అందుకే మరీ మండుతుంది. చెల్లెలు పదిహేను రోజులకోసారి వస్తుంది. అతను వీధిలో స్కూటర్ మీదే కూర్చుంటాడు, ఇంజను ఆపకుండా. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నంతసేపూ ఆ పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఈమె లేచి కిటికీ ధడాలున మూస్తుంది, అతనికి వినపడేలా. అతను హారన్ కొడతాడు. చెల్లెలు ఇద్దరినీ తిట్టి వెళ్ళిపోతుంది. ఆ తిట్లలో మునుపు లేని ఒక తేలిక ఉందని నాకు అనిపించింది. అది ఆమెతో అనలేదు.

చివరిసారి వెళ్ళినప్పుడు రాసింది వినిపించమంది. ఈసారి కుర్చీ ఖాళీగా ఉంది, ఆమే కూర్చుంది. కళ్ళు మూసుకుని విన్నది. అన్యాయంగా నింద పడిన మరిది అన్న చోట చెయ్యెత్తి ఆపింది. కొట్టేయమంటుందేమోనని కలం తీశాను.

"నింద పడింది. వేసింది నేను. రెండూ ఉంచండి," అంది. "వాడు మంచివాడని మాత్రం రాయకండి."